కరగడానికే వేసే రంగు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కనుక ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. ఆ రోజుల్లో కాకినాడ జగన్నాథపురం వైపు ఉప్పుటేరు గట్టు పట్టుకుని నడిస్తే, మిగతా ఏడాదంతా నీళ్ళలో దాగి ఉండేది ఎండలో బయటపడి కనిపిస్తుంది. అది పడవ అడుగు. పక్కకి ఒరగబెట్టినవి కొన్ని, దుంగల మీదికి ఎక్కించినవి కొన్ని, ఇసుక మూటల ఆసరాతో నిలబెట్టినవి కొన్ని. ఒక పక్క గీకుడు చప్పుడు, ఇంకో పక్క గ్రైండరు రొద, గట్టంతా రెసిన్ వాసన. వేట లేదు కాబట్టి మత్స్యకారులు ఈ రెండు నెలలూ ఖాళీగా ఉంటారని ఊళ్ళో అనుకుంటారు. పడవ ఆయుష్షు తేలేది మాత్రం ఈ రెండు నెలల్లో జరిగే పనిలోనే.

పడవ పై భాగానికి రంగు వేయడం పండగ పని. పసుపు, ఎరుపు, నీలం పట్టీలు వేస్తారు. ముందు భాగాన అమ్మవారి పేరో, ఇంట్లో పిల్లల పేరో రాయిస్తారు. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు. అడుగుకి వేసే రంగు సంగతి వేరు. దాన్ని ఎవరూ చూడరు. వేసిన కొద్ది రోజులకే నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ పడవ గట్టెక్కేసరికి అందులో చాలా భాగం ఉండదు. మనుషులు చేసే పనుల్లో ఏది నిలిచేది, ఏది వృథా అని మనం వేసుకునే లెక్క సరైంది కాదని ఆ రంగు దగ్గర నిలబడినప్పుడు నాకు గట్టిగా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్న మావయ్య ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. పాత పడవ బేరానికి వచ్చేవాళ్ళు ముందు ఇంజను చూస్తారు. స్టార్టు చేయించి చెవి ఒగ్గి వింటారు. వలలు కూడా ఇస్తారా, ఐసు పెట్టెలో ఎంత పడుతుంది, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి అని అడుగుతారు. మావయ్య ఇవన్నీ తర్వాత అన్నాడు. "ముందు పైకెత్తించండి బాబూ, అడుగు చూసి మాట్లాడుకుందాం."

అమ్మే మనిషికి ఆ మాట రుచించలేదు. "ఫైబరండీ ఇది. పుచ్చదు, తుప్పు పట్టదు. అడుగు చూడ్డానికి ఏముంటదండీ?"

"నీళ్ళలో ఉన్నదేదైనా నీళ్ళ మాట వినాల్సిందే కదండీ" అన్నాడు మావయ్య.

అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మిగతా రోజులకన్నా ఎత్తుగా వస్తుంది. పౌర్ణమి పోటు మీద పడవని గట్టుకి వీలైనంత దగ్గరగా తెచ్చి కట్టేశారు. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయేసరికి అది బురద మీద నిలబడింది. అప్పుడు తాళ్ళు వేసి, దుంగల మీదుగా పైకి లాగారు.

పడవ చరిత్ర అంతా అడుగులోనే ఉంటుంది. నీటిగీత దగ్గర పచ్చటి నాచు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది. దాని కింద వేలు పెడితే జారిపోయే బూడిదరంగు జిగురు. ఇంకా కిందికి, చుక్కాని చుట్టూ, పంకా దగ్గర గుల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపులుగా పట్టేశాయి. ఒక మూల గీకి చూస్తే రంగులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన నలుపు, దాని కింద నీలం, ఆ కింద ఇటుక ఎరుపు, అన్నిటికన్నా కింద పడవతో పాటే పుట్టిన తెల్లటి జెల్‌కోటు. ఒక్కో యజమాని చేతి వాటం ఒక్కో పొరలో తెలుస్తోంది. ఎర్ర పొర సమంగా, నున్నగా ఉంది. నల్ల పొర కింద మాత్రం వేలితో తడిమితే గుండ్రటి గరుకులు తగిలాయి. పాత గుల్లల్ని పైపైన కొట్టేసి, వాటి అడుగు పలకలు అలాగే ఉండగా ఎవరో రంగు పూసేశారు. పూసిన వాళ్ళకి ఒక పూట పని కలిసొచ్చి ఉంటుంది. ఆ గరుకు మీద మళ్ళీ గుల్లలు పట్టడానికి ఎంతో కాలం పట్టలేదు.

అంతా చూశాక మావయ్య పడవ వద్దనలేదు. అడుగుకి అయ్యే ఖర్చు లెక్కగట్టి, ఆ మేరకు ధర తగ్గించమన్నాడు. బేరం కుదిరింది.

ఆ గుల్లని ఒకసారి దగ్గరగా చూడాలి. బార్నకిల్ అనే ఈ ప్రాణి పైకి నత్త జాతిదిలా కనిపిస్తుంది గానీ, నిజానికి రొయ్యకీ పీతకీ చుట్టం. కొస కోసేసిన చిన్న తెల్లటి శంకువు, నెత్తిన మూసుకున్న పలకల తలుపు. పుట్టినప్పుడు దీనికి ఇల్లు లేదు, నీళ్ళలో ఈదుతూ తిరిగే కంటికి ఆనని పిల్ల. ఎదుగుదల చివరి దశకి వచ్చేసరికి తిండి మానేస్తుంది. దానికి అప్పుడున్న పని ఒక్కటే, చోటు వెతుక్కోవడం. దొరికిన ప్రతి గట్టి ఉపరితలం మీదా తన మీసాలతో నడుస్తూ పరీక్షిస్తుంది. నచ్చకపోతే వదిలి ఈదిపోతుంది. నచ్చితే తల కిందికి పెట్టి, తన ఒంట్లోంచే జిగురు కార్చి అంటుకుపోతుంది. ఆపైన చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని, తలుపు తెరిచి, కాళ్ళతో నీటిని తనవైపు తోసుకుంటూ తిండి పట్టుకుంటుంది. ఇక చచ్చేదాకా అక్కడి నుంచి కదలదు. చార్లెస్ డార్విన్ ఈ ప్రాణి మీద 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు పనిచేసి, నాలుగు సంపుటాలు రాశాడు. జీవ పరిణామం మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం 1859లో వచ్చింది. అంతకు ముందు ఆయన ఓపికంతా గుల్లల దగ్గరే పెట్టాడు.

గుల్ల ఒంటరిగా రాదు. శుభ్రమైన పడవ నీళ్ళలో దిగిన కొద్ది గంటల్లోనే కంటికి కనబడని సూక్ష్మజీవులు పొరగా పట్టడం మొదలుపెడతాయి. వాటి వెనకే జిగురు, జిగురు వెనకే నాచు, ఆ వెనక గుల్లలు, గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు. అడుగు గరుకెక్కినకొద్దీ పడవ నీళ్ళని ఈడ్చుకుంటూ పోవాల్సి వస్తుంది. అమెరికా నౌకాదళ అకాడమీలో పరిశోధకుడు మైకేల్ షుల్జ్ 2007లో ఒక యుద్ధనౌకకి లెక్కవేసి చూపించాడు. అడుగున గుల్లలు దట్టంగా పడితే, అదే వేగంతో పోవడానికి ఇంజను 86 శాతం దాకా అదనపు శక్తి పెట్టాల్సి వస్తుందట. యుద్ధనౌకకి అది బడ్జెట్ కాగితం మీద ఒక అంకె. చిన్న పడవవాడికి తెల్లవారుజామున క్యానులో పోయించుకునే డీజిలు. ఎంత పోసినా పడవ ముందుకి సాగడం లేదంటే, వాళ్ళు మొదట అనుమానించేది అడుగునే.

ఉప్పాడ ఒడ్డున ఈ బాధ తక్కువ. అక్కడ వేట నుంచి రాగానే పడవని ఇసుక మీదికి లాగేస్తారు. ఎండలో ఆరే అడుగు మీద గుల్ల బతకలేదు. ఆ పడవలకి వేరే బాధ ఉంది. రోజూ లాగడంలో ఇసుక రాపిడికి అడుగు అరిగిపోతుంది, కింది భాగాన గాజు నార బయటపడుతుంది. ఏట్లో కట్టేసి ఉంచే మా మావయ్య పడవలాంటి వాటికి రాపిడి లేదు, కానీ గుల్ల తప్పదు. ఎక్కువ రోజులు కదలకుండా కట్టి ఉన్న పడవకే అది ఎక్కువ పడుతుంది. ఏ రేవులో ఉన్నా నీరు తన వంతు అడుగుతూనే ఉంటుంది.

గీకుడు పని తడి ఆరకముందే మొదలుపెట్టాలి. మావయ్య పిలిపించిన ఫైబర్ మేస్త్రి పెద్దవాడు, మాట తక్కువ మనిషి. "తడారిందంటే గుల్ల రాయైపోద్ది బాబూ, అప్పుడు పడవ తోలు ఊడొస్తది" అని, పడవ గట్టెక్కగానే రేకు పట్టుకుని కిందికి దూరాడు. ఆ రేకు మూలలు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. మూల పదునుగా ఉంటే జెల్‌కోటు మీద గీత పడుతుంది, ఆ గీత నీటికి దారి అవుతుంది. గీకడం అయ్యాక ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగాడు. తర్వాత నీళ్ళ ఎమరీ కాగితంతో, తడుపుతూ తడుపుతూ, పాత పొరలు దించాడు. నల్ల పొర కింద ఇరుక్కున్న గుల్లల పలకలు ఒక్కొక్కటిగా ఊడివచ్చాయి.

అప్పుడు మేస్త్రి రేకు పక్కన పెట్టి, వేలి కణుపుతో పడవని తట్టడం మొదలుపెట్టాడు. చేతికి ఎంత దూరం అందితే అంత దూరం, చెవి దగ్గర పెట్టి, టక్ టక్ అని తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్న చోట శబ్దం కంగుమంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. మా పడవ చాలా మటుకు కంగుమంది. నీటిగీత కింద ఒకచోట మాత్రం ఆయన ఆగి, "ఇటు రా బాబూ, ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు. చర్మం మీద పొక్కుల్లాగా, రూపాయి బిళ్ళంత ఉబ్బులు. సన్నటి మేకు తీసుకుని ఒకదాన్ని పొడిచాడు. లోపలి నుంచి చుక్కగా మొదలై, చిమ్మినట్టు నీరు వచ్చింది. ముక్కు దగ్గర పెట్టి చూడమన్నాడు. ఘాటైన పులుపు వాసన, వెనిగర్ వాసన.

ఫైబర్‌కి ఏమీ కాదన్న నమ్మకం ఆ చుక్కతో పోతుంది. గాజు నారని పాలియెస్టర్ రెసిన్‌లో తడిపి పడవలు కట్టడం 1940లలో మొదలైంది. చెక్కని తొలిచే సముద్రపు పురుగు దీన్ని తాకదు. ఇనుముకి పట్టే తుప్పు దీనికి పట్టదు. అయితే పైనున్న జెల్‌కోటు నీటిని పూర్తిగా ఆపే గోడ కాదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటే నీటి అణువులు దాన్ని దాటి నెమ్మదిగా లోపలికి చేరతాయి. లోపల రెసిన్‌లో గట్టిపడకుండా మిగిలిపోయిన పదార్థాలు ఆ నీటిలో కరుగుతాయి. అలా తయారైన చిక్కటి ద్రవం బయటి నుంచి మరింత నీటిని లాక్కుంటుంది. ఒత్తిడి పెరిగి పొర ఉబ్బుతుంది. పైకి చూస్తే రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

మా పడవవి పైపైన లేచిన పొక్కులే, లోపలి గాజు నార చెడలేదు. అయినా మేస్త్రి ప్రతి పొక్కునీ విప్పి, అంచులు అరగదీసి, మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాడు. తర్వాత ఏమీ చేయలేదు. ఎండబెట్టాడంతే. పక్క పడవలు రంగులు వేసుకుని మెరుస్తుంటే మాది తెల్లటి గుంటలతో అలాగే నిలబడింది. రోహిణి కార్తె ఎండలు మండుతున్నాయి. మావయ్యకి కూడా ఓపిక పలచబడింది. "ఆరిపోయింది కదా మేస్త్రిగారూ, కానిద్దామా?" అని అడిగాడు.

మేస్త్రి జవాబు చెప్పకుండా ఒక పాలిథిన్ ముక్క తెచ్చి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపు వేసి పడవకి అంటించాడు. మర్నాడు దాని లోపలి వైపు సన్నటి చెమట పట్టి ఉంది. "అది చెప్పింది కదండీ" అన్నాడు. చెమట పట్టని రోజు వచ్చాకనే ఆ గుంటల్ని ఎపాక్సీ పుట్టీతో పూడ్చాడు. మామూలు పాలియెస్టర్ పుట్టీ చవకే గానీ, నీటికింద అంత పట్టు ఇవ్వదు, తనూ నీరు తాగుతుంది. ఆపైన నీటిని అడ్డుకునే ఎపాక్సీ పూత పొర మీద పొర వేశాడు. ఎపాక్సీ ఆరేటప్పుడు దాని మీద మైనంలాంటి పలచటి జిడ్డు తేలుతుంది. దాన్ని కడిగి, కాస్త గరుకు చేయకపోతే పై రంగు నిలవదు. పడవ అడుగు పనిలో రంగు వేయడం చివరి చిన్న భాగం. దానికి ముందు పడే శ్రమంతా రంగుకి నిలబడే చోటు చేసి పెట్టడమే.

ఇక రంగు డబ్బా. చూడ్డానికి చిన్నదే. ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. అందులో ఉన్నది రాగి, క్యూప్రస్ ఆక్సైడ్ అనే ఇటుకరంగు పొడి. బరువు కొద్దీ అది డబ్బా అడుగుకి దిగి ముద్దకట్టి ఉంటుంది. మేస్త్రి కర్ర పెట్టి కలపడం మొదలెట్టి చాలాసేపు ఆపలేదు. "పైన తేలేది రంగునీళ్ళు బాబూ. మందంతా అడుగునే ఉంది" అన్నాడు. కర్ర పైకి తీసినప్పుడు దాని కొసన ముద్ద కనబడనంతవరకూ కలుపుతూనే ఉన్నాడు.

ఎరుపు ఒక పూత. అది ఆరాక దాని మీద నీలం పూత. రెండు రంగులు ఎందుకని అడిగితే, "నీలం పోయి ఎరుపు కనబడిందనుకో, మళ్ళీ పైకి లాగే రోజొచ్చిందని గుర్తు" అన్నాడు. నీళ్ళ తాకిడి ఎక్కువుండే ముందంచుకీ, నీటిగీతకీ, చుక్కానికీ ఒక పూత అదనంగా వేశాడు. పడవలోని ఇత్తడి, ఇనుప భాగాల్ని కాపాడటానికి బిగించే జింకు దిమ్మెల మీద మాత్రం చుక్క పడనివ్వలేదు. వాటికి రంగు తగిలితే అవి పనిచేయవు. అవి కూడా తాము తరుగుతూ ఇత్తడినీ ఇనుమునీ నిలబెట్టేవే.

ఈ రంగు పనిచేసే తీరులోనే నేను చెప్పాలనుకున్నది ఉంది. గోడకి వేసే రంగు నిలిచినంత కాలం మంచిది. పడవ అడుగు రంగు అలా కాదు. సముద్రపు నీరు దానిలోని రాగిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అడుగుని అంటిపెట్టుకుని ఉండే పలచటి నీటిపొరలో ఆ రాగి ఉంటుంది. చోటు వెతుక్కుంటూ వచ్చిన గుల్లపిల్ల అక్కడ నిలవలేక వెళ్ళిపోతుంది. కొన్ని రకాల్లో రాగితో పాటు దాన్ని పట్టి ఉంచే జిగురు కూడా నీటి ఒరిపిడికి అరిగిపోతూ, కింది నుంచి కొత్త రాగిని పైకి తెస్తుంది. అది కరగడం ఆగిన రోజు, ఎంత మందంగా మిగిలి ఉన్నా, ఆ రంగు పని అయిపోయినట్టే.

ఈ సంగతి రుజువు కావడానికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. చెక్క ఓడల కాలంలో నావికులు అడుగుకి తారు పూశారు, సీసపు రేకులు కొట్టారు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే యుద్ధనౌక అడుగంతా రాగి రేకులు తొడిగి వెస్టిండీస్ పంపింది. తిరిగొచ్చాక చూస్తే రాగి ఉన్నంత మేరా శుభ్రంగా ఉంది, కానీ రాగిని తాకిన ఇనుప మేకులు తినేసినట్టు పోయాయి. ఆ చిక్కుని దాటే ఉపాయాలు వెతుక్కుని, 1779 తర్వాత రెండు మూడేళ్ళలో నౌకాదళమంతటికీ రాగి తొడిగారు. తర్వాత ఇంకో ఫిర్యాదు వచ్చింది. రాగి కరిగిపోతోంది, మళ్ళీ మళ్ళీ కొనాల్సి వస్తోంది అని. అప్పటికి బ్రిటన్‌లో పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగారు. గని కార్మికుల ప్రాణాలు కాపాడిన దీపం చేసింది ఆయనే.

1824లో డేవీ జవాబు చెప్పాడు. రాగికి చిన్న జింకు ముక్కో, ఇనుప ముక్కో తగిలిస్తే చాలు, అది తరుగుతుంది, రాగి తరగదు. చెప్పింది చెప్పినట్టే జరిగింది. రాగి చెక్కు చెదరలేదు. కానీ అలా అమర్చిన ఓడలు అడుగునిండా నాచుతో, గుల్లలతో, ఈడ్చుకుంటూ రేవుకి వచ్చాయి. రాగి కరగడం ఆగిపోవడంతో దాని కాపలా కూడా ఆగిపోయింది. నౌకాదళం ఆ ఏర్పాటుని తీయించేసింది. డేవీ కనిపెట్టిన సూత్రం తప్పు కాదు. ఇవాళ ఓడల్నీ, భూమిలో పైపుల్నీ కాపాడుతున్నది ఆ సూత్రమే, మా పడవకి బిగించిన జింకు దిమ్మె కూడా దాని బిడ్డే. కానీ ఏది ఖర్చు కావాలో, ఏది మిగలాలో తేల్చుకోవడంలో పొరపాటు జరిగింది. మిగలాల్సింది ఓడ. రాగి ఖర్చు కావడానికే ఉంది.

మన చుట్టూ ఇలాంటి పనులు ఎన్నో ఉన్నాయి. పడవలు గట్టెక్కే ఈ ఎండల్లోనే గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ నేల బతుకుతున్నది ఆ కాలువల మీద. నీళ్ళు ఆపిన ఆ కొద్ది వారాల్లో పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగేయాలి, లాకుల తలుపులకి గ్రీజు పెట్టాలి. మళ్ళీ ఏడాదికి పూడిక వస్తుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. కొత్త కాలువకి శంకుస్థాపన రాయి ఉంటుంది. పూడిక తీసినందుకు రాయి వేసిన గట్టు నేనెక్కడా చూడలేదు. ఆ పని జరగని ఏడాది మాత్రం చివరి భూముల రైతుకి నీరందదు. అప్పుడు అందరికీ తెలుస్తుంది.

నిలిచే పనినే మనం పని అంటాం. కట్టినది, రాసినది, పేరు చెక్కినది. మళ్ళీ చేయాల్సి వచ్చే పనిని తక్కువగా చూస్తాం. చేసింది చేసినట్టే పోయింది కదా అనుకుంటాం. పోవడం ఆ పనిలో లోపం కాదు, దాని స్వభావం. ఆసుపత్రి వార్డులో రాత్రి మంచం మంచానికీ తిరిగే నర్సు మెలకువ, తెల్లారకముందే ఊరు ఊడ్చేవాళ్ళ కష్టం, ముసలి తల్లిదండ్రుల్ని లేపి కూర్చోబెట్టే చేతుల బలం, ఇవన్నీ ఖర్చయిపోయేవే. ఎక్కడా గుర్తుగా మిగలవు. అవి కరుగుతున్నాయి కాబట్టే మిగతావన్నీ నిలబడి ఉన్నాయి. వాటిని మళ్ళీ మళ్ళీ చేయాల్సి రావడాన్ని శాపంగా చూడకూడదని, చేసేవాళ్ళకి దక్కాల్సిన గౌరవం అక్కడే ఉందని నా నమ్మకం.

అయితే కాపాడే పేరుతో చేసే ప్రతిదీ మంచిది కాదని కూడా ఈ రంగు కథే చెబుతుంది. 1960ల నుంచి ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు మందు కలిపిన రంగులు వచ్చాయి. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఓడ అడుగు అద్దంలా ఉండేది. ఓడల కంపెనీలు సంతోషించాయి. 1970ల చివర ఫ్రాన్స్‌లో అర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పలు పెంచేవాళ్ళు గగ్గోలు పెట్టారు. పిల్లలు బతకడం లేదు, పెద్దవాటి పెంకులు వికారంగా మందమెక్కుతున్నాయి. ఇంగ్లండ్ తీరంలో ఒక జాతి సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు పుట్టి, గుడ్లు పెట్టలేకపోయాయి. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లో వంతు మందు ఉన్నా చాలు, ఆ నత్తలకి ఆ గతి పట్టేది. ఫ్రాన్స్ 1982లో 25 మీటర్లలోపు పడవలకి ఆ రంగు నిషేధించింది. అంతర్జాతీయ నౌకా సంస్థ 2001లో ఒప్పందం కుదిర్చింది. అది 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. ఒక పడవని కాపాడటానికి వేసిన రంగు ఒక అఖాతాన్నే ఖాళీ చేయబోయింది. తన పడవ అడుగు దాకానే చూసుకునే రక్షణ చివరికి రక్షణ కాకుండా పోతుంది.

రాగి అంత ప్రమాదకారి కాకపోయినా, నిర్దోషి మాత్రం కాదు. నీళ్ళలో మోతాదు మించితే ఆల్చిప్పల పిల్లలకీ, రొయ్య పిల్లలకీ అదీ విషమే. మా ఉప్పుటేరు నుంచి కాకినాడ అఖాతం, కోరింగ మడ అడవులు ఎంతో దూరం లేవు. రొయ్య, పీత, బొంత పిల్లలుగా పెరిగేది ఆ మడ వేళ్ళ మధ్యే. పడవ అడుగు గీకినప్పుడు రాలిన ఎర్రటి పొడి, నల్లటి పెచ్చులు గట్టు బురదలో పడి ఉంటాయి. రాత్రి పోటుకి అవి ఏట్లో కలుస్తాయి. రేపు ఏ చేపల కోసం ఆ పడవ వెళ్తుందో, ఆ చేపల పిల్లల ఉయ్యాలలోకే ఆ పొడి వెళ్తోంది.

ఇంకొకటి. ఆ పొడి మనుషుల ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్తోంది. గట్టు మీద గ్రైండరు పట్టుకున్న కుర్రాళ్ళలో ఎక్కువమంది మూతికి తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నారు. గాజు నార ధూళిని, రాగి పొడిని తువ్వాలు ఆపదు. మా మేస్త్రి తడి కాగితంతోనే ఎందుకు రుద్దుతాడో ఆయన దగ్గు విన్నాక నాకు తెలిసింది. వయసులో ఉన్నప్పుడు అందరిలాగే పొడి మీదే గ్రైండరు కొట్టానని, ఇప్పుడు రాత్రిళ్ళు పడుకోనివ్వదని ఆయనే చెప్పాడు. పడవకి పొర మీద పొర వేసి కాపాడే మనిషి ఒంటికి ఏ పొరా లేదు. ఖర్చు కావాల్సింది రంగు. మనిషి కాదు. రాగి విషయంలో నౌకాదళం తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్ననే మనం మనుషుల విషయంలో తేల్చుకోవాలి.

అందుకని పడవలున్న వాళ్ళకి నా విన్నపం. అడుగు గీకేటప్పుడు కింద ఒక టార్పాలిన్ పరవండి. పొడిగా కాకుండా తడిపి రుద్దించండి. రాలిన పొడిని మూటకట్టి ఏటికి దూరంగా తీయించండి. పనివాళ్ళకి ధూళిని ఆపే మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు కొనిపెట్టండి. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న భాగం. మత్స్యశాఖ వారికి కూడా ఒక మాట. వేట నిషేధ కాలానికి ఒక్కో కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకి పెరిగింది, సంతోషం. దానితో పాటు ప్రతి రేవులోనూ పడవలు ఎక్కించి గీకడానికి ఒక సిమెంటు గచ్చు, కడిగిన నీరు తిన్నగా ఏట్లోకి పోకుండా ఆపే ఒక గుంట కట్టించండి. ఆ గుంటలో పేరుకున్న మడ్డిని ఏటేటా తీయించే మనిషిని కూడా అప్పుడే నియమించండి. కట్టించడం ఒక్కసారి చేసే పని, తీయించడం ఎప్పటికీ చేయాల్సిన పని. గచ్చు నిలిచేది ఆ రెండో పని మీదే.